వెంకటసుబ్బారావు గారు తాగని మజ్జిగ

ఆ ఉదయం రావమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మేడమీది వాటా చూసుకోవడానికి కొండపల్లి నుంచి కృపానందం, మార్త అనే దంపతులు వస్తున్నారు. వాళ్ళు వచ్చేలోగా మొగుడికి కడుపు ఖాళీ అయిపోవాలి. అంతే.

అద్దెకూ కడుపుకూ సంబంధమేమిటని ఎవరైనా అడగవచ్చు. వెంకటసుబ్బారావు గారి పక్కన ఒక్క పూట కూర్చుంటే ఆ ప్రశ్న రాదు. ఆయన సర్వీసంతా చెక్‌పోస్టులో బియ్యం బస్తాలను ఇనప చువ్వతో పొడిచి చూడటంలోనే గడిచింది. రిటైరయ్యాక బస్తాలు దొరక్క మనుషుల్ని పొడుస్తున్నారు. కడుపు సాఫీగా ఉన్న రోజున కాస్త నయం. బిగిసిందంటే మాత్రం పాలవాడు, పోస్టుమాన్, ఎదురింటి పిల్లి, అందరూ దొంగలే.

భవానీపురంలో అంత గాలి వచ్చే వాటా ఏడాదిగా ఖాళీగా పడి ఉందంటే కారణం అదే. కిందటిసారి వచ్చినాయన్ను "ఈవిడ మీ ఆవిడేనని కాయితం ఉందా?" అని అడిగారు. ఆయన మెట్లు దిగిన వేగం రావమ్మ ఇంకా మరిచిపోలేదు. పైన అడుగుల చప్పుడు లేక, పలకరించే ఆడమనిషి లేక ఆవిడకు పిచ్చెక్కినట్టుంది. ఈసారి కూడా వచ్చినవాళ్ళు పారిపోతే ఇక తన వల్ల కాదనుకుంది.

తీరా చూస్తే ఆదివారం నుంచి ఆయన కడుపు కదల్లేదు.

"ఏవండీ, కాస్త కలబంద రసం తాగుతారా? లోపలంతా కడిగేసినట్టు పోతుందట" అంది.

"ఇవాళే ఎందుకు కడగాలి? ఎవరు చెప్పారు నీకు?" అన్నారాయన కళ్ళు చిన్నవి చేసి.

చెప్పి తాగించడం కుదరదని తేలిపోయింది. దిష్టికని గుమ్మానికి తలకిందులుగా వేలాడదీసిన కలబంద తప్ప ఇంట్లో మరొకటి లేదు. దాని మట్ట ఒకటి కోసి, పసుప్పచ్చ సొనతో సహా రుబ్బి, చేదు తెలియకుండా అల్లం, ఉప్పు, కొత్తిమీర దట్టించి మజ్జిగలో కలిపేసింది. కలబంద పూటలు గడిస్తే గాని లోపల పని మొదలుపెట్టదని ఆవిడకు తట్టనే లేదు. ఆవిడ ఆదుర్దా అలాంటిది.

ఇంతలో గుమ్మంలో నిలబడ్డ వెంకటసుబ్బారావు గారు తలెత్తి చూశారు. కలబందకు మట్ట ఒకటి తక్కువ. కోసిన చోట తడి ఇంకా ఆరలేదు.

"ఏమే! మన దిష్టి కలబందని ఎవడో కోశాడు. ఈ ఇంటి మీద ఏదో ప్రయోగం జరుగుతోంది!"

"పిల్లి కొరికి ఉంటుంది లెండి."

"పిల్లి కత్తి పట్టుకొస్తుందా?"

అదిగో, సరిగ్గా అప్పుడు మజ్జిగ వచ్చింది. రోజూ ఉప్పుకు కూడా దిక్కులేని మజ్జిగలో ఇవాళ అల్లం, కొత్తిమీర! ఆయన వాసన చూసి, గ్లాసు పక్కన పెట్టేశారు. రావమ్మ వంటింట్లోకి వెళ్ళిందో లేదో, కృపానందం దంపతులు గేటు తీశారు. అతను కొండపల్లి దగ్గర కడుతున్న థర్మల్ స్టేషన్లో గుమాస్తా. బస్సులో నిలబడి వచ్చారేమో, ఇద్దరూ చెమటతో తడిసిపోయారు.

"ఎండన పడి వచ్చారు. ముందు మజ్జిగ పుచ్చుకోండి" అని వెంకటసుబ్బారావు గారు తన గ్లాసు కృపానందం చేతికిచ్చారు. అనుమానమున్న సరుకును తాను రుచి చూసే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు.

కృపానందం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. మజ్జిగకు కూడా ప్రార్థనా? ఇతనికీ అనుమానం వచ్చిందన్నమాట అనుకున్నారు ఈయన.

రావమ్మ బయటికి వచ్చేసరికి గ్లాసు సగమైంది. "అయ్యో, అది వద్దు బాబూ! ఇంకోటి తెస్తాను!" అని కేకేసింది.

"పర్లేదండీ. కొంచెం చేదుగా ఉన్నా బాగానే ఉంది" అంటూ అతను మిగతాది కూడా గుటుక్కున తాగేశాడు.

చేదు! వెంకటసుబ్బారావు గారి గుండె జారిపోయింది. ఆ గ్లాసు తన కోసం కలిపింది. కట్టుకున్న పెళ్ళామే కలిపింది. తాను దాన్ని స్వహస్తాలతో పరాయివాడి చేత తాగించారు. రేపు పోలీసులు వస్తే ముందు ఎవర్ని పట్టుకుంటారు?

ఇక కృపానందాన్ని వదిలితే ఒట్టు.

"అప్పుడే బయల్దేరతారా? భోంచేసి గాని కదలడానికి వీల్లేదు! కళ్ళేమైనా తిరుగుతున్నాయా?"

"లేదండీ."

"నాలిక మొద్దుబారిందా?"

"అబ్బే, లేదండీ."

భోజనమయ్యాక మంచం వేయించి బలవంతంగా పడుకోబెట్టారు. ఊపిరి ఆడుతోందో లేదో కనిపెడుతూ పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరారు. కృపానందం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా సొంత మేనమామ కూడా నన్నిట్లా కనుక్కోలేదండీ" అన్నాడు.

మేడమీద మార్త అప్పుడే రావమ్మ జడ విప్పి పేలు చూస్తోంది. చూస్తూ ఊరి కబుర్లన్నీ చెబుతోంది. రావమ్మకు ప్రాణం లేచొచ్చింది. కానీ మనసంతా కింద మంచం దగ్గరే ఉంది. సంగతి చెబితే వీళ్ళు మళ్ళీ ఈ గడప తొక్కరు. చెప్పకపోతే ఆ పిల్లాడి కడుపు గతేమిటో!

సాయంత్రం వాళ్ళు బస్సెక్కాక వెంకటసుబ్బారావు గారు తలుపేశారు.

"నిజం చెప్పు. ఆ మజ్జిగలో ఏం కలిపావు?"

"కలబందండీ. మీ కడుపు కోసమే."

"కలబందయితే ఇంతసేపూ అతను మంచం దిగి దొడ్లోకి వెళ్ళలేదేం? అది కలబంద కాదు. నిదానంగా పనిచేసే విషం!"

"మిమ్మల్ని చంపేదాన్నయితే ఇన్నేళ్ళు ఆగుతానా?" అంది రావమ్మ ఏడుస్తూ.

"ఎందుకు ఆగావో అదే నాకు అంతుపట్టడం లేదు" అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు జీపు ఆగింది. ముందుగా ఖాకీ చొక్కా మనిషి దిగాడు. వెనకాల కొంగుతో మొహం తుడుచుకుంటూ మార్త దిగింది. కృపానందం జాడ లేదు.

"పోయాడే! పోలీసులొచ్చారే!" అన్నారు వెంకటసుబ్బారావు గారు. అన్నారో లేదో, ఆయన పొట్టలో గడగడమంది. ఆదివారం నుంచి ఎంత బతిమాలినా కదలనిది ఒక్క పెట్టున కదిలింది. చెంబు అందుకుని దొడ్లోకి పరుగెత్తి, మరుగుదొడ్డి గడియ బిగించుకున్నారు.

ఖాకీ చొక్కా జీపు డ్రైవరుది. కృపానందం వెనకాల పరుపుచుట్టల మధ్యలోంచి బయటపడి, నవ్వుతూ వచ్చాడు.

"పిన్నిగారూ, ఏం నీళ్ళండీ మీవి! మా క్యాంటీన్ తిండికి నెల్లాళ్ళుగా కడుపు బండలా ఉంది. మీ ఇంట్లో ఒక్క పూట మంచినీళ్ళు తాగానో లేదో, తెల్లారేసరికి ఒళ్ళు దూదిపింజయిపోయింది. ఇంక ఈ ఇల్లు తప్ప నాకు వేరే వద్దండీ. సామానుతో వచ్చేశాం!"

రావమ్మ నోరు తెరిచింది. మార్త మొహం చూసి మూసేసింది. "మా బావి నీళ్ళు ఎవరికీ చెడు చెయ్యలేదు బాబూ" అని మాత్రం అంది. అది అబద్ధం కాదు. మొగుణ్ణి అడక్కుండానే మేడ తాళాలు తెచ్చి మార్త చేతిలో పెట్టింది.

చాలాసేపటికి వెంకటసుబ్బారావు గారు బయటికొచ్చారు. మొహం తేటపడింది. చచ్చాడనుకున్న కృపానందం ట్రంకుపెట్టె మోస్తూ మెట్లెక్కుతున్నాడు. పోలీసనుకున్నవాడు పరుపు మోస్తున్నాడు. ట్రంకులో ఏముంది, జీపెవరిది, తాళాలెవరిచ్చారు అన్న ప్రశ్నల కోసం రావమ్మ ఊపిరి బిగబట్టి నిలబడింది.

ఆయన ఒక్కటీ అడగలేదు. అరుగు మీద కూలబడి, హాయిగా కాళ్ళు చాపుకుని, "పాపం, బంగారంలాంటి మనుషులు. మంచి పని చేశావే" అన్నారు నవ్వుతూ.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారిగా రావమ్మకు మొగుడి మీద అనుమానం వచ్చింది.