అంగుళం గారి ఎడారి

పొద్దున్నే కొండల్నీ, నదినీ, ఎడారినీ వ్యానెక్కించాలి. ఆఫీసు హాల్లో భద్రంగా దించాలి. పెద్దాఫీసరు రిబ్బను కత్తిరిస్తుంటే పక్కన వినయంగా తల వంచుకుని నిలబడాలి. అంగుళం గారి పథకం ఇంతే. తల ఎంత వంచాలో కూడా అద్దం ముందు సరిచూసుకున్నారు.

పర్యాటక కార్యాలయంలో పటాలు గీయడం ఆయన ఉద్యోగం. ఏ గీతా అంగుళం అటూ ఇటూ కాకూడదని అందరి ప్రాణాలూ తోడేస్తారు కనుక అసలు పేరు మరుగునపడి ఈ పేరు మిగిలింది. ఆ సీమకు సముద్రం ఒక్కటే తక్కువ. పడమట మంచుకొండలు, వాటి కింద గుహలు, నడుమ లోయను కోసుకుంటూ పారే నది, తూర్పున అడవి, దక్షిణాన ఇసుక ఎడారి. యాత్రికులకు ఇవన్నీ ఒక్కచోట కనబడేలా నమూనా చేయిద్దామని ఆఫీసులో అనుకున్నప్పుడు, "బయటివాళ్ళెందుకండీ, చిటికెలో నేను చేసిపెడతా" అన్నది ఈయనే. అడిగినవాళ్ళెవరూ లేరు.

ఆ చిటికెకు నెల పట్టింది. థర్మోకోల్ పలకల మీద కాగితం గుజ్జు కొండలూ, గిన్నెలు తోమే పచ్చపీచు అడవీ, నిజం ఇసుకతో ఎడారీ కలిసి భోజనాల బల్లను ఆక్రమించాయి. ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు.

"ఇవాళైనా కదులుతాయా ఈ కొండలు?" అంది భార్య.

"ఇంకొక్క పూత వార్నిష్ వేస్తే మంచు మెరుస్తుంది."

"రాత్రి బాగుందన్నారు కదండీ!"

బాగున్నదాన్ని బాగుచేయడమే ఆయన జబ్బు. పూత వేశారు. అది ఆరలేదు. టేబుల్ ఫ్యాను తెచ్చి దక్షిణం వైపు పెట్టి మీట నొక్కారు. ఎడారి మొత్తం ఒక్క ఉదుటున లేచి వెళ్ళి మంచుకొండల మీద కూర్చుంది. తడి వార్నిష్‌కు అంటుకుని ఇక దిగనంది.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది" అని ఆయనే ఒప్పుకున్నారు. కాదనడానికి భార్యకు మనసొప్పలేదు. తడిగుడ్డ తెచ్చి గట్టిగా రుద్దింది. ఇసుకతోపాటు రంగూ లేచింది, లోపలి గుజ్జు నానింది. అన్నిటికన్నా పెద్ద కొండ నిదానంగా నదిలోకి ఒరిగి పడుకుంది.

అలికిడి విని వంటింట్లోంచి అత్తగారు టీ కెటిల్‌తో వచ్చారు. కళ్ళజోడు నెత్తి మీద ఉంది. ఇసుక ఎగిరిపోయి తెల్లగా, చదునుగా మిగిలిన ఎడారిని చూసి, బల్ల మీద కొత్త గుడ్డ పరిచారనుకున్నారు. "హమ్మయ్య, ఇన్నాళ్ళకి చోటు దొరికింది" అంటూ పొగలు కక్కే కెటిల్‌ను దాని మీద దించారు.

థర్మోకోల్ సన్నగా మూలిగింది. కెటిల్ తీసేసరికి దాని అడుగంత గుండ్రటి గుంట.

"ఇదేంటి అల్లుడుగారూ, కరిగిపోతోంది?"

"అది ఎడారండీ అత్తయ్యగారూ."

"ఎడారై ఉండి ఈ మాత్రం వేడికి తట్టుకోలేదా?"

ఇంతలో వీధిలో వ్యాను హారన్ మోగింది. సాయానికి వచ్చిన బావమరిది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒరేయ్, నేను కొండ నిలబెడతా. నువ్వా గుంట పని చూడు. రంగు వేసెయ్. త్వరగా!"

గుంట పూడ్చి ఇసుకరంగు వేయాలని ఆయన ఉద్దేశం. కొండ మాత్రం నిలబడలేదు. వ్యానెక్కి సగం దూరం వెళ్ళాక, నమూనా మీది దుప్పటి ఎత్తి చూసిన అంగుళం గారికి ఎడారి నట్టనడుమ నిగనిగలాడే నీలిరంగు నీరు కనబడింది. మధ్యలో ఒక జెండా: 'పడవ షికారు'.

"నీలమెందుకేశావురా?"

"గుంట అన్నావు కదా బావా. నీళ్ళు లేని గుంట బాగుండదు. నదిలో కొండ పడింది కాబట్టి ఆ జెండాకి చోటు లేదు, ఇక్కడ గుచ్చా."

తిట్టడానికి ఆయన నోరు తెరిచేలోపు వ్యాను ఆఫీసు ముందు ఆగింది. వెనకే పెద్దాఫీసరు కారు.

రిబ్బను తెగింది, దుప్పటి తొలగింది. అందరూ ఒరిగిన కొండనే చూశారు. మేనేజరు గొంతు సవరించుకుని, "కొండచరియ విరిగిపడితే ఎలా ఉంటుందో చూపించాం సార్. యాత్రికులకు హెచ్చరిక" అన్నాడు. ఆఫీసరు తలూపి, కళ్ళజోడు పెట్టుకుని ఎడారి మీదికి వంగాడు.

"నేను పుట్టింది ఈ ఇసుకలోనేనయ్యా. మా ఊరు ఇక్కడే ఉండాలే?" ఆయన వేలు వెతుక్కుంటూ వెళ్ళి సరిగ్గా జెండా దగ్గర ఆగింది. "ఇదేంటి?"

"చెరువండీ" అన్నాడు వెనకనుంచి బావమరిది.

"మరి మా ఊరేదీ?"

మేనేజరు అంగుళం గారికి కాస్త ఎడంగా జరిగాడు. అంగుళం గారు జెండా వైపు చూశారు. ఊరు మునిగిందని ఎలా చెప్పాలి? "చెరువు కింద సార్" అన్నారు లోగొంతుకతో.

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెరువు కిందా? మా ఊరి పొలాలు ఒక చెరువు కింద పారతాయని నేను కలలో కూడా అనుకోలేదయ్యా! మా అమ్మ బిందె నెత్తిన పెట్టుకుని ఎంత దూరం నడిచేదో! ఎవరిదీ ఆలోచన?"

"మాదే సార్" అంటూ మేనేజరు మళ్ళీ దగ్గరికి జరిగాడు. "ఆఫీసుదే. చేతిపని మాత్రం ఈయనది."

అంగుళం గారు నిజాయితీపరులు. "అది పొరపాటున జరిగింది సార్..." అని మొదలుపెట్టారు.

"పొరపాటే! ఇన్నాళ్ళూ తవ్వించకపోవడం ముమ్మాటికీ మా పొరపాటే!" ఆఫీసరు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. హాలంతా చప్పట్లు. అంగుళం గారి ఛాతీ ఆయన ప్రమేయం లేకుండానే ఉబ్బింది. తన తెలివిని పొద్దున తానే తక్కువ చేసుకున్నానేమో అనిపించింది.

"కొలతల్లో మీరు దిట్టట కదా. రేపే బయల్దేరండి. దగ్గరుండి తవ్వించండి. చెరువు నిండి అలుగు పారేదాకా మీరక్కడే ఉండాలి. ఉత్తర్వు నేనిప్పుడే ఇస్తున్నా."

ఆ ఊళ్ళో గట్టివాన పడగా చూసిన ముసలాయన ఒక్కడే మిగిలాడనీ, ఆయనకూ సరిగ్గా గుర్తులేదనీ అంగుళం గారికి అక్కడికి చేరాక తెలిసింది.