ఖాజాగూడ కంటకోద్ధరణము

గాజుగోడల మేడలు ఉదయభానుని కిరణములను పట్టుకొని ఒకదాని మొగమున మరొకటి చల్లుకొను సైబరాబాదు మహానగరమున, వారమునందు ఐదు దినములు వాహనఘోషతో సముద్రమువలె హోరెత్తు రాజమార్గములన్నియు ఆదివారపు వేకువను వీధికుక్కలకును, కొత్త బూట్లు తొడిగి పరుగెత్తు ఉద్యోగులకును తమ్ము తాము అప్పగించి ఆవులించు శుభవేళ, చలి పూర్తిగా పోక, ఏసీ ఇంకను వేయక, కరెంటు బిల్లు ప్రజలను కనికరించు మాఘమాసమున, నల్లగండ్ల యను సీమయందు మబ్బులతో భుజములు రాచుకొను ఒకానొక అపార్టుమెంటున, ఉదయ్ భాస్కరుడను వీరుడు మేల్కొని, చేతులకు పూసికొను సుద్దపొడి సంచిని నడుమున కట్టెను.

ఇతని జన్మభూమి అమలాపురము. కర్మభూమి ఫైనాన్షియల్ డిస్ట్రిక్టునందలి ఒక సాఫ్ట్‌వేరు కార్యాలయము. అచ్చట వారమంతయు కుర్చీయందు ఆసీనుడై వెన్నెముకను ప్రశ్నార్థకముగా వంచుకొను ఈ మహాపురుషుడు, వారాంతమున మాత్రము ప్రకృతిని జయించి తీరవలెనని పంతము పట్టినవాడు. పూర్వము సైకిలును జయించెను. ఆ సైకిలు నేడు బాల్కనీలో తువ్వాళ్ళను మోయుచున్నది. పిమ్మట పక్షులను జయింపనెంచి దుర్భిణి కొనెను. దానితో ఎదుటి బ్లాకువారు ఏ కూర తరుగుచున్నారో అతని తల్లి పుణ్యవతి చూచుచున్నది. ఇప్పుడు అతని దృష్టి ఖాజాగూడ బండలపై పడెను. కోట్ల వత్సరములుగా ఎవరిజోలికిని పోక పడియున్న ఆ శిలలకు తమపై ఎట్టి యుద్ధము ప్రకటింపబడినదో తెలియనే తెలియదు.

అయితే ఆ ఆదివారము సామాన్యమైనది కాదు. అతని ధర్మపత్ని దేవిశ్రీ తమ్ముడైన వినయ్ బాచుపల్లిలో కొన్న ఫ్లాటునకు ఆనాడే గృహప్రవేశము. ముహూర్తము పదకొండు గంటలకు. కొత్త పొయ్యిమీద పాలు పొంగింపవలసిన ఆడపడుచు దేవిశ్రీయే. ఇందులకై ఆమె చీర ఎన్నుకొనుటకు నెల దినములును, దానికి జాకెట్టు కుట్టించుటకు దర్జీతో మహాసంగ్రామమును వెచ్చించియుండెను. కావున ద్వారమువద్ద నిలిచి, బూట్లసంచితో బయలుదేరు భర్తను చూచి ఆమె శాంతముగా పలికెను.

"ఇవాళ ఒక్కరోజు మీరు ఎక్కకపోతే ఆ బండలేం బాధపడవండీ."

"తొమ్మిదికల్లా ఇంట్లో ఉంటాను. ఒట్టు" అని వీరుడు లిఫ్టులోనికి అంతర్ధానమయ్యెను.

అతనిని కారులో కొనిపోయిన మిత్రుడు నరేందర్. సిద్దిపేట వాడు, ఒకే కార్యాలయపువాడు, చిన్నతనమునుండి గుట్టలెక్కుట అలవాటైనవాడు. అతడు చూపిన బండ నిలిచిన ఏనుగంత ఎత్తున్నది. దానిని చూచినంతనే వీరుడు బూట్ల త్రాళ్ళను విప్పి మరల కట్టుకొనెను. అయినను అతడు వెనుదిరుగక, అరచేతులకు సుద్ద పులిమి, పగుళ్ళయందు వ్రేళ్ళు దూర్చి, ఉదరభారమును ఉచ్ఛ్వాసముచే లోనికి లాగి, బల్లివలె అంటుకొని, బల్లికున్న తోక తనకు లేకపోయెనే యని చింతించి, క్రిందినుండి నరేందర్ కుడికాలు పెట్టమన్నప్పుడు ఎడమకాలును, ఎడమకాలు పెట్టమన్నప్పుడు మోకాలును పెట్టి, తుదకు పొట్టతో ప్రాకి శిఖరమును చేరెను. చేరి ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు భవనములవైపు చేయి చాచి ఫోటో దిగెను. దిగి, ఒక్క గీరుడైనను లేక నేలకు దిగెను. ఇంతవరకు విజయమే.

శిఖరమును జయించినవాని పాదములు నేలను లెక్కచేయవు. కాలివేళ్ళను పండుగనాటి బస్సులో ప్రయాణికులవలె కుక్కిపెట్టిన ఆ బూట్లను ఊడదీసి, ఉత్తకాళ్ళతో కారువైపు నడువసాగెను.

"అన్నా, చెప్పులేస్కో. ఈడంత ముండ్లున్నయ్" అని నరేందర్ అనెను.

ఇంత బండనెక్కినవానికి ముల్లొక లెక్కయా అని వీరుడు నవ్వి నాలుగడుగులు వేసెను. సర్కారుతుమ్మ వంశమున పుట్టి, మేకల నోళ్ళను తప్పించుకొని, ఎండకు ఎండి వానకు తడిసి, కేవలము ఒక మడమ కొరకై ధూళిలో శయనించి తపము చేయుచున్న కంటకమొకటి అచ్చటనే యుండెను. దాని తపము ఫలించెను. వీరుడు ఒంటికాలిపై గిరగిర తిరిగి కూలబడెను. కంగారుపడి తానే పెరికెను. అది సగము చేతికి వచ్చి, సగము మడమలో నిలిచిపోయెను. నరేందర్ భుజము పట్టి కారెక్కించెను.

ఇంటి లిఫ్టులో ఒంటికాలిపై నిలిచి వీరుడు దీర్ఘాలోచన చేసెను. ముల్లు అను మాటయందు గౌరవమేమున్నది? సోమవారము కార్యాలయమున కాఫీ యంత్రముచెంత నిలిచి ముల్లు గ్రుచ్చుకొనెనని చెప్పవచ్చునా? దేవిశ్రీ నవ్వదా? నవ్వును, ఆపై ఫోనులో తన చెల్లెలికి చెప్పి మరల నవ్వును. అందుచేత తలుపు తెరచుకొన్నంతనే అతడు గోడకు చేరబడి, కనులు సగము మూసి, "బండ మీంచి జారాను, దేవీ. పర్లేదులే" అని సన్నని కంఠమున పలికెను.

అప్పటికి తొమ్మిదిన్నర. చివాట్లు సిద్ధము చేసికొని నిలిచిన దేవిశ్రీ మొగము ఒక్కసారిగా తెల్లబోయెను. పట్టుచీర కుచ్చెళ్ళు చేతబట్టుకొనియే అతనిని సోఫాయందు కూర్చుండబెట్టి, ఐసుముక్కలు తెచ్చి, ఎంత ఎత్తునుండి పడెననియు, తలకేమైన తగిలెనా యనియు అడిగెను. ఎముక విరిగియుండవచ్చునని, ఎక్స్‌రే తీయించవలెనని, టీటీ సూది కూడ వేయించవలెనని నిశ్చయించెను. సూది యను శబ్దము విని వీరుడు నిజముగనే మూల్గెను. ఆమె దానిని విరిగిన ఎముక బాధగా భావించెను. పిమ్మట బాల్కనీలోనికి పోయి తమ్మునికి ఫోను చేసెను. అద్దపు తలుపు వెనుకనుండి ఆమె మాటలు వినరాలేదు గాని, ఫోను పెట్టివేసిన పిదప చెంగుతో కన్ను ఒత్తుకొనుట మాత్రము కనబడెను.

వీరుని హృదయమున ఏదో చివుక్కుమనెను. చెప్పివేయవలెనని నోరు తెరచెను. సరిగా ఆ క్షణముననే గంట మ్రోగెను.

వచ్చినవాడు నరేందర్. చేతిలో ఒక చెప్పుల జత. కారులో మరచిపోయినారని చెప్పి, సోఫామీద ఐసుముక్కలు కట్టిన పాదమును చూచి ఆశ్చర్యపడి, దయతోనే పలికెను: "గీ చెప్పులేస్కొమ్మనే గదన్నా నేను మొత్తుకున్నది. బండ మంచిగనే దిగినవ్. కింద ముల్లు దిగె."

వంటింటిలో కుక్కరు కూడ కూయుటకు జంకెను. పుణ్యవతి కుమారుని మడమనెత్తి కళ్ళజోడు సవరించి చూచి, "ముల్లేరా ఇది" అని తేల్చి, పిన్నీసు వెదకుటకు లోనికి పోయెను. దేవిశ్రీ మాత్రము కదలలేదు.

"తమ్ముడికి ఫోన్ చేసి రాలేనని చెప్పానండీ" అనెను. "పాలు పిన్నిగారి చేత పొంగించుకోమన్నాను. ముల్లు కోసం."

"నవ్వుతావని..." అని వీరుడు నసిగెను.

"నవ్వేదాన్నే. నవ్వి, తీసిపారేసేదాన్ని. ఈపాటికి మియాపూర్ దాటేవాళ్ళం."

ఈ వాక్యము ముల్లుకన్న లోతుగా దిగెను. దానిని పెరికెడి పిన్నీసు లోకమున లేదు. వీరుడు తలవంచి, తప్పయిపోయిందని, ఈ ముల్లు ఇప్పుడే తీసివేసినచో ఇంకను వేళ మించలేదని మెల్లగా చెప్పెను. ఆమె గడియారము చూచెను. చూచి, కొంగు బిగించి నడుమున దోపెను.

అంతట సోఫాక్షేత్రమున మహాయుద్ధము మొదలయ్యెను. సైన్యాధిపతి దేవిశ్రీ, దక్షిణహస్తమున గ్యాసుమంటపై కాల్చి చల్లార్చిన పిన్నీసు, వామహస్తమున కనుబొమల పట్టకారు. పార్శ్వమున చీలమండను ఒడిసిపట్టిన పుణ్యవతి. వెనుక భుజములనదిమిన నరేందర్. నడుమ, ఫోనులోని దీపకాంతియందు శత్రుదుర్గమువలె వెలుగుచున్న మడమ. పిన్నీసు పైకి లేచినంతనే వీరుని అంతరంగము ఇట్లు గర్జించెను: "ఓరీ కంటకాధమా, ఏనుగంత బండ నా పొట్టక్రింద నలిగినది, క్లయింటు కోపాగ్ని నా చర్మమును తాకలేకపోయినది, అప్రైజలు ప్రళయమున గూడ చెక్కుచెదరని ఈ దేహమున నీవు కాపురము పెట్టుటకు ఎంత సాహసము. వెడలిపొమ్ము, లేనిచో నిన్ను సమూలముగా పెకలించి దిక్కులకు బలియిచ్చెదను."

ఇంతటి గర్జనలో అతని పెదవులవరకు వచ్చినది ఒకే మాట. "మెల్లగా."

"ఇంకా ముట్టుకోలేదండీ" అని దేవిశ్రీ చెప్పెను.

ప్రథమాక్రమణమున పిన్నీసు మొన చర్మమును తాకెనో లేదో, వీరుని పాదము అతని అనుమతి లేకయే ఆకాశమునకెగసి, గాయమునకు పూయ తెచ్చిన పసుపుగిన్నెను తన్ని, నరేందర్ తెల్లచొక్కాను పెండ్లికుమారుని చొక్కాగా మార్చెను. చిన్నప్పుడు టీకాలవారు వచ్చినప్పుడు వీడు గడ్డివామిలో దాగినాడనియు, ముగ్గురు మనుషులు లాగినారనియు పుణ్యవతి నరేందర్‌కు చెప్పసాగెను. దేవిశ్రీ మరల గడియారము చూచెను.

ఆ చూపును వీరుడు చూచెను. చూచి, జీవితమున మొదటిసారిగా నిజమైన శౌర్యమునకు పూనుకొనెను.

"అందరూ వదిలెయ్యండి" అనెను. "నేనే కదలకుండా ఉంటాను."

వదలిరి. అతడు దిండు అంచును పండ్ల నడుమ బిగించి, కనులు మూసి, పాదమును తన చేతులతోనే పట్టుకొని నిలిపెను. పిన్నీసు దిగెను. చర్మము విడెను. పట్టకారు జారెను, మరల పట్టెను, మరల జారెను. వీరుని చెవులు ఎఱ్ఱబడెను, కంటికొనల నీరు నిలిచెను, దిండు గలీబు చిరుగుచున్న ధ్వని వినవచ్చెను. పాదము మాత్రము కదలలేదు. ఒక్క చురుకు. పిమ్మట, కొబ్బరినూనె పూసిన చల్లని వ్రేలు.

"అయిపోయిందండీ" అని ఆమె చెప్పెను.

శత్రుకళేబరమును తెల్ల కాగితముపై ఉంచిరి. జీలకఱ్ఱ గింజలో సగము లేదు. పుణ్యవతికి కళ్ళజోడు పెట్టుకొన్నను కనబడలేదు. నరేందర్ వంగి చూచి, "గింతేనా" అని, పసుపు చొక్కాతో సెలవు తీసికొనెను. అప్పుడు దేవిశ్రీ నవ్వెను. మొదట ముక్కులో, తరువాత గొంతులో, తుదకు సోఫాచేయి పట్టుకొని. నవ్వుచునే తమ్మునికి ఫోను చేసి, పిన్నిగారిని పొయ్యిచెంతకు రానీయవద్దని, తాను బయలుదేరినానని చెప్పెను. కారు ఆమెయే నడిపెను. టీటీ సూది రేపు తప్పదని దారిలో తీర్పు చెప్పెను. వెనుక సీటులో కాలు చాచుకొన్న వీరుడు ఆ తీర్పును వినబడనట్లు స్వీకరించెను.

ముహూర్తమునకు బాచుపల్లిలో పాలు పొంగెను. పొంగి పొయ్యిని ముంచెను, అందరును శుభమనిరి. దేవిశ్రీ మొగమున ఆ పొంగు సాయంకాలమువరకు నిలిచెను.

అల్లుని నడక చూచి మామగారు భీమేశ్వరరావు దగ్గరకు వచ్చి, "ఏమైంది అల్లుడుగారూ, కుంటుతున్నారు" అని అడిగెను. బంధుజనమంతయు ఇటు తిరిగెను. వీరుని నాలుకపై బండ యొకసారి మెరసెను, జారుపాటొకసారి మెరసెను. అతడు భార్యవైపు చూచి, "ముల్లు గుచ్చుకుందండీ" అనెను. అయ్యో ముల్లు మహా చెడ్డదని, పాపం పట్టించుకోకపోతే చీము పట్టునని జనము జాలి కురిపించెను. జాలి యింత సులభముగా దొరకునని ఎరుగని వీరుడు, దానికి తగిన న్యాయము చేయనెంచి మరింత లోతుగా కుంటుచు భోజనముల హాలువైపు నడచెను.

దేవిశ్రీ పక్కకు వచ్చి చెవిలో చెప్పెను. "ఆ కాలు కాదండీ. రెండోది."

వీరుడు అడుగు మధ్యలోనే, సేనాపతి వ్యూహము మార్చినంత లాఘవముగా, కాలు మార్చెను. ఎవరును గమనించలేదు. ఒకరు కుర్చీ వేసిరి, ఒకరు కాలికి స్టూలు పెట్టిరి. సాటి అల్లుళ్ళందరును పళ్ళెములు పట్టుకొని బఫే వరుసలో చెమటలు కక్కుచుండగా, కూర్చున్నచోటికే నేయి పోసిన పూర్ణములు, అడుగకయే, రెండవమారు కూడ వచ్చెను. దిక్కులు వినుగాక, మియాపూర్ మెట్రో స్తంభములు సాక్షులగుగాక: ఆనాడు బాచుపల్లి యందు, వరుసలో నిలువక పూర్ణము తిన్నవాడు ఉదయ్ భాస్కరుడొక్కడే.