చెవి మిషన్ సెల్లు

శృతికి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: పది నెలల హర్షిణి ఏదో ఒకటి మింగేస్తుందని. అందుకే ఇంట్లో గుండీలు, చింతగింజలు ఎప్పుడో అటకెక్కాయి. ఆ భయం పోగా మిగిలిన ధ్యాసంతా మామ భూమన్న ఆరోగ్యం మీద పెట్టేది.

ఆ రోజు పొద్దున్నే పని ఖాయం చేసుకుంది. భర్త రంజిత్ చెరుకు ట్రాక్టర్‌తో పోగానే, మామను కోటగిరి నుంచి బోధన్ తీసుకుపోయి మోకాళ్లు చూపించాలి. రొట్టెలు చేస్తున్నంతసేపూ ఆయనకు జాగ్రత్తలు చెప్పింది. చేతులు కడుక్కుని వచ్చేసరికి మంచం మీద మామ చెవి మిషన్ మూత తెరిచి ఉంది. లోపల కందిగింజంత సెల్లు లేదు. పక్కనే హర్షిణి నోరాడిస్తోంది.

"మామా! సెల్లు పాప మింగిందా?"

భూమన్న నవ్వుతూ తలూపాడు. మిషన్ లేకపోతే ఆయనకు ఉరుము కూడా వినిపించదు. ఎవరేమన్నా నవ్వి తలూపడం ఏళ్లుగా అలవాటైన మర్యాద. ఆ సంగతి శృతికి తెలిసిందే, భయంలో గుర్తు రాలేదు.

కేక విని పక్కింటి ఈరవ్వ ఉరికొచ్చింది. "నిజంగనే సూసినవా అన్నా?"

తలూపాడు.

"సూసి గింత సల్లగ కూసున్నవా? నీకేమన్న రోగమొచ్చిందా?"

దానికీ తలూపాడు.

"పా బిడ్డా, ఇద్దర్నీ ఆటో ఎక్కియ్యి!"

దారిపొడుగునా ఈరవ్వ ఫోన్లు చేసింది. నలుగురి నోళ్లు తిరిగి రంజిత్‌కు చేరేసరికి సెల్లు మింగింది వాళ్ల బాపు అయ్యాడు. చెరుకు లోడు ట్రాక్టర్ తెచ్చి బోధన్ ఆసుపత్రి గేటుకు అడ్డంగా నిలిపాడు.

డాక్టర్ ఎక్స్‌రే చూసి, "పాప కడుపుల ఏం లేదమ్మా," అన్నాడు.

"మామ సూసిండు సార్!"

డాక్టర్ భూమన్న వైపు తిరిగాడు. "పెద్దాయనా, చెమటలు పడుతున్నయి. ఛాతిల నొప్పా?"

తలూపాడు.

"ఎడమ చెయ్యి గుంజుతుందా?"

మరింత మర్యాదగా తలూపాడు.

క్షణంలో ఆయన్ను ఈసీజీ బల్ల ఎక్కించారు. శృతి ఇప్పుడు ఇద్దరి కోసం ఏడవసాగింది. నర్సు బనీను పైకి లాగుతుంటే ధోతి రొండిన దోపుకున్న తంబాకు డబ్బీ జారి కింద పడింది. మూత ఊడింది. తంబాకు మధ్యలో సెల్లు తళుక్కుమంది.

శృతి దాన్ని కొంగుతో తుడిచి, ఇంటి నుంచి పిడికిట్లోనే పట్టుకొచ్చిన మిషన్‌లో వేసి, మామ చెవికి పెట్టింది.

"సెల్లు ఎందుకు తీసినవ్ మామా?"

"పొద్దుగాల సంది ఉప్పు తినకు, చాయ్‌ల చక్కెర ఏసుకోకు, గడప మెల్లగ దాటు అంటివి. జెరసేపు నిమ్మళంగ ఉందామని తీసిన బిడ్డా. పోరి నోట్ల పెట్టుకుంటదని నేనే దాసిన."

"ఆ ముచ్చట నాకు చెప్పొద్దా?"

"చెప్పిన. నువ్వే ఇనలే."

 శృతి కింద పడ్డ తంబాకు డబ్బీ చూసి, జాగ్రత్తలు చెప్పడానికి మళ్లీ నోరు తెరిచింది. భూమన్న చెయ్యి మెల్లగా చెవి దగ్గరికి పోయింది.

మీ ఇంట్లో పెద్దాయన కూడా ఈమధ్య మీరు చెప్పిన ప్రతిదానికీ బుద్ధిగా తలూపుతున్నాడా? మురిసిపోకండి. ఒకసారి వెళ్లి చెవి మిషన్‌లో సెల్లు ఉందో లేదో చూసి రండి.