పదమూడో సీసా

ఆ ఉదయం శేషాద్రి వేసుకున్న పథకం చిన్నది. తొమ్మిదింటికి ఇంట్లోంచే ప్రోగ్రాం నడిపి, ఫలితాలు హైదరాబాదులోని గైడు మేడంకి పంపాలి. రెండింటికి కమిటీ. మెచ్చుకుంటే ఫెలోషిప్ ఇంకో ఏడాది. లేకపోతే మార్కాపురంలో నాయన ఎరువుల దుకాణమే గతి.

మేకపాలలోని ప్రొటీన్లను ముక్కలు చేసి యంత్రం తూకం వేస్తుంది. ఆ ముక్కలే పెప్టైడ్లు. తూకంతో పాటు బోలెడు చెత్త సంకేతాలు వస్తాయి. కందుల్లో రాళ్ళేరినట్టు వాటిని ఏరడం శేషాద్రి ప్రోగ్రాం పని. అందుకే అతను హనుమంతునిపాడులో మేకలు కాసే లాల్ అహ్మద్ దగ్గర తెచ్చిన పాలు పన్నెండు సీసాల్లోనూ, మంచినీళ్ళు పదమూడో సీసాలోనూ పోసి హైదరాబాదు ల్యాబుకు పంపాడు. నీళ్ళలో కనబడిందంతా చెత్త. పాల లెక్కలోంచి దాన్ని తీసెయ్యాలి.

ప్రోగ్రాం నలభై పెప్టైడ్లు చూపించింది. వందల్లో రావాలి. జల్లెడ సన్నం చేశాడు. పన్నెండు. ఇంకా సన్నం చేశాడు. సున్న.

పంపిన ఫలితం చూసి మేడం ఫోను చేసింది. "శేషాద్రీ, నీ పాలల్లో పాలే లేవయ్యా. ఏం పంపించావు?"

స్పీకరులో వచ్చిన ఆ మాట వంటింట్లో ఉన్న తల్లి కోటిరత్నం విన్నది. దోషి ఎవరో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. సంతకు వచ్చి ఊళ్ళోనే ఉన్న లాల్ అహ్మద్‌కు ఫోను కొట్టింది.

"ఏం బాయ్, పాలని చెప్పి ఏం పోసినావు మావోడికి?"

పావుగంటలో అతను మేకతో సహా వరండాలో దిగాడు.

"ఎవురక్కా అన్నింది? అబ్బయ్యా, ఆ మిషన్ తీస్కరా. దాని మూతిలోనే పిండుతా."

"మిషన్ హైదరాబాదులో ఉంది బాయ్," అన్నాడు శేషాద్రి నీరసంగా.

"ఈడుండే మేకను ఆడుండే మిషన్ ఎట్ల తప్పు పట్టింది?"

శేషాద్రి తెర అటు తిప్పి చూపించే లోపల మేక అతని నోటుపుస్తకంలో రెండు పేజీలు నమిలింది.

"తెల్లగుండాయని నమ్మి పదమూడు సీసాలూ నింపిస్తిమి గదా," అని దులిపింది కోటిరత్నం.

"పన్నెండమ్మా. ఒకదాంట్లో నీళ్ళు."

"ఆ నీళ్ళా? సీసా కడిగినాక మిగిలినాయేమోనని పారబోసినా. ఇంట్లోంచి ఉత్త గిన్నె పంపగూడదని చెంబులో మిగిలిన పాలు పోసినా. ఏంది, తప్పా?"

శేషాద్రి తల గోడకు ఆనించాడు. ల్యాబువాళ్ళు సీసా మీద నంబరు చూస్తారు గాని రంగు చూడరు. పాలను చూపించి ఇదే చెత్త అని ప్రోగ్రాంకు చెప్పింది తనే. జల్లెడ ఎంత సన్నం చేస్తే అది పాలన్నిటినీ అంత శుభ్రంగా ఊడ్చేసింది.

"మరి నా మేకలకు సారీ ఎవురు చెప్తారు?" అన్నాడు లాల్ అహ్మద్.

పదమూడో సీసా లెక్క తీసేసి, నెల కిందట వేరే మంచినీళ్ళతో వచ్చిన లెక్క పెట్టి నడిపితే ఎనిమిది వందల ముప్పై పెప్టైడ్లు వచ్చాయి. రెండింటికి శేషాద్రి దాచకుండా జరిగిందంతా చెప్పాడు. తెర మీద కమిటీ పెద్దలు లెక్కలు మరోసారి తిరగేశారు.

"నీళ్ళ పేరుతో పాలు పంపినా నీ ప్రోగ్రాం ఏరకుండా ఒక్క ముక్క వదల్లేదా?" అన్నాడు అధ్యక్షుడు. "ఇంత గట్టి పరీక్ష మాకు తోచేది కాదు. ఏడాది ఇస్తున్నాం. ఒకసారి అసలు నీళ్ళతో చేసి పంపు."

మళ్ళీ సీసాలు సర్దుతుంటే కోటిరత్నం ఒక మెట్టు దిగింది. "పాలొద్దంటే మాన్లే. చిటికెడు చక్కెరన్నా వెయ్యకుండా గడప దాటనియ్యను."

ఈసారి పదమూడో సీసాను శేషాద్రి హైదరాబాదు బస్సు కదిలాక నింపుకున్నాడు.