తొమోయె ఆరో వేలు

ప్రతి ఆదివారం మధ్యాహ్నం, టోక్యోలో అసగాయా స్టేషను వెనకున్న కాఫీహోటలు మేడమీద మా అభిమాన సంఘం సామూహికంగా ఏడుస్తుంది. ఏడుపయ్యాక మెలన్ సోడా తాగుతాం.

కారణం, టీవీలో వస్తున్న ‘సగం రెక్క’ అనే యానిమే బొమ్మల సీరియల్. అందులో తొమోయె అనే అమ్మాయి యానిమేషను బొమ్మలు వేస్తుంది. ఒక పిట్టని ఎగరెయ్యాలి. గీస్తుంది, చింపుతుంది, తనకి చేతకాదని కుమిలిపోతుంది. వారం వారం ఇదే కథ. పిట్ట ఇంతవరకూ కొమ్మ దిగలేదు.

మా అధ్యక్షులు ఇమైజుమి గారు బీమా కంపెనీలో క్లెయిములు తిరస్కరించే ఉద్యోగం చేస్తారు. అతి సున్నిత హృదయులు. తొమోయె పెన్సిలు కింద పెట్టిందంటే ఆయన రుమాలు పైకి తీస్తారు. ‘తొందరపడకు తొమోయె, మేమున్నాం’ అని అచ్చేసిన చొక్కాలు మా అందరిచేతా తొడిగించింది ఆయనే.

ఇంతలో టీవీవాళ్ళు ఒక ప్రకటన చేశారు. ఈ సీరియల్‌కి ముఖ్యమైన బొమ్మలు వేసే కువబారా చితోసె అనే ఆవిడ, తన గీతలు తనకే నచ్చక కాస్త వ్యవధి అడిగిందట. ఈ వారం భాగం రాదట.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అవే చొక్కాల్లో వచ్చాం.

“తొమోయె సందేహపడితే అది కళ,” అన్నారు ఇమైజుమి గారు. “ఈవిడ సందేహపడితే అది బాధ్యతారాహిత్యం. మన ఆదివారం ఏం కావాలి?”

హర్షధ్వానాల మధ్య స్టూడియోకి ఫిర్యాదు పంపాం. దేశం నిండా సున్నిత హృదయులే కనక, స్టూడియో ఫిర్యాదుల్లో మునిగిపోయింది.

మరుసటి వారం భాగం వచ్చింది. తొమోయె కుడిచేతికి ఆరు వేళ్ళున్నాయి.

ముందు అందరం ముక్కున వేలేసుకున్నాం. అప్పుడు బేకరీలో పనిచేసే మియోషి కయో గారు మెల్లగా గొంతు సవరించుకుని, ఆ ఆరో వేలే సందేహమనీ, ఐదు వేళ్ళు గీసినదాన్ని ఆరోది చెరుపుతోందనీ తేల్చారు. ఆనాటి ఏడుపు సంఘ చరిత్రలో అపూర్వం. హోటలాయన కింది అంతస్తు తువ్వాళ్ళు కూడా పైకి మోయాల్సొచ్చింది. ఆ వారమే అందరం రబ్బరు వేలొకటి తగిలించుకున్నాం. ఇమైజుమి గారు దానితోనే ఆఫీసుకెళ్ళి, మామూలుకన్నా ఎక్కువ ఆర్ద్రతతో క్లెయిములు తిరస్కరించారని వినికిడి.

తరవాతి ఆదివారం, మేం రుమాళ్ళు సర్దుకుంటుండగా, ఒక సన్నపాటి ఆవిడ బియ్యపు బిస్కెట్ల పెట్టె పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మా ఫిర్యాదు మీది చిరునామా చూసి వచ్చాననీ, తనే చితోసెననీ చెప్పి, నడుము వంచి అలాగే ఉండిపోయింది.

“క్షమించండి. ఆ ఆరో వేలు నా పొరపాటండీ. తొందరలో దిద్దలేకపోయాను. అప్పట్నించీ ఏ చెయ్యి గీసినా వేళ్ళు పదిసార్లు లెక్కపెట్టుకుంటున్నాను. పని మానేద్దామనుకుంటున్నాను.”

ఇమైజుమి గారు రబ్బరు వేలితో ఆవిడ భుజం తట్టారు.

“మీకు తెలీదులెండమ్మా. మీరు గీశారంతే. అర్థం చేసుకున్నది మేం.”

ఆ గీతలో ఆవిడ పడిన వేదన ఎలాంటిదో కయో గారు ఆవిడకే ఓపిగ్గా వివరించారు. చితోసె మా చేతులవంక చూసింది. ఒక్కొక్కరి రబ్బరు వేలూ చూసుకుంటూ వచ్చింది. ఆవిడ భుజాలు కదలసాగాయి. ఏడుస్తోందనుకుని తువ్వాలందించాం. ఆవిడ నవ్వుతోంది. కడుపు పట్టుకుని, కుర్చీలో కూలబడి నవ్వింది.

“అయ్యో, ఇన్నాళ్ళూ నేను భయపడింది మీకా?” అంది. అధ్యక్షులవారి ముందున్న పుడ్డింగు లాక్కుని మొత్తం తినేసి వెళ్ళిపోయింది.

ఆ తరవాతి భాగంలో పిట్ట ఎగిరింది. రైలుకట్ట మీదుగా, ఆరేసిన బట్టల మధ్యనుంచి, ఈకల్లోకి గాలి దూరుతుంటే ఎగిరింది. నా చేతిలో సోడా చప్పబడిపోయింది. ఎవరూ ఏడవలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

“గీతలో బాధ లేదు,” అన్నారు ఇమైజుమి గారు, తడవని రుమాలు మడిచి జేబులో పెట్టుకుంటూ. “ఆవిడ సుఖంగా ఉన్నట్టుంది.”

విచారణలో అది నిజమేనని తేలింది. పని చేస్తూ కూనిరాగాలు తీస్తోందట. వేళకి తింటోందట కూడా. సంఘం ఆవిడకి తన అభిమానాన్ని ఏకగ్రీవంగా ఉపసంహరించుకుంది. నేనూ చెయ్యెత్తాను.

ప్రస్తుతం తగినంత దుఃఖంలో ఉన్న మరో కళాకారుడి కోసం వెతుకుతున్నాం. పాఠకులకి మా విన్నపం ఒక్కటే: మీ ఇంట్లో బొమ్మలు వేసే పిల్ల ఉంటే, తొందరపడి బాగుందని మెచ్చుకుని పాడుచెయ్యకండి. ఇప్పటిదాకా ఎలా పెంచుతున్నారో, అలాగే పెంచండి.