బీరుకు సంబంధం కుదరలేదు

ఇంట్లో బీరు కాచే మొగుడు దాన్ని ఏ పాత్రలో నిలవపెట్టాలో తేల్చుకోలేకపోతున్నాడా? అయితే ఆ ఇల్లాలు పెట్టి పుట్టింది! నమ్మకపోతే అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో, యూజీన్ ఊళ్ళో ఉండే మార్లిస్‌ను చూడండి.

ఆమె భర్త డ్వేన్, రిటైరయ్యాక, కూతురు టెస్సా పెళ్ళికని చిక్కటి నల్ల బీరు కాచాడు. ఏడాదిపాటు ముదరాల్సిన సరుకు. కాచడం ఒక్క ఆదివారంతో అయిపోయింది. పులిసిన బీరును దాచడానికి పాత్ర వెతకడం మాత్రం వానలు వెలిసినా తెమల్లేదు. పెళ్ళికొడుకును టెస్సా తానే చూసుకుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే బీరుకు సంబంధాలు చూసే మనిషికి పాపం, తీరికేదీ?

గరాజ్ నిండా గాజు జాడీలు, స్టీలు డ్రమ్ములు, ఓక్ చెక్క పీపాలు. మార్లిస్ కారు బయట వానలో. ఎంత అదృష్టం! కారు కడిగే పని తప్పింది. సూపులో ఉప్పు గురించి మొగుడిచ్చే సలహాలూ తప్పాయి. ఇంతకన్నా సంసార సుఖం ఎక్కడుంది?

బీరు క్లబ్బు మిత్రుడు ఆరిన్ శనివారం శనివారం వచ్చేవాడు.

"గాజు జాడీలో పెట్టు డ్వేన్. గాలి చొరబడదు."

"వెలుతురు చొరబడి పాడుచేస్తుందిగా! పైగా చెయ్యి జారిందంటే నా కాళ్ళకు కుట్లే."

"అయితే పీపా."

"చిన్న పీపాలో చెక్క రుచి తప్ప ఇంకేం మిగలదు. పెద్దది నింపాలంటే ఊరంతటికీ కాచాలి."

మార్లిస్ ఉండబట్టలేక, "స్టీలుది ఉందిగా! అందులో పోసి మూత బిగించు, పీడా పోతుంది," అంది.

మగాళ్ళిద్దరూ ఆమెను జాలిగా చూశారు.

"స్టీలులో పాడవదు మార్లిస్. కానీ ఎదగదు," అన్నాడు డ్వేన్, చదువు అబ్బని పిల్లాడి గురించి చెబుతున్నట్టు.

ఎన్నోసార్లు టెస్సా ఫోన్ చేసి, "నాన్నకివ్వమ్మా," అంది. ఇస్తే ఆయన "ఊఁ, ఊఁ" అంటూనే పీపాలోకి టార్చి వేసి చూశాడు.

ఈలోగా బీరు, పులియబెట్టిన ప్లాస్టిక్ బకెట్‌లోనే ఉండిపోయింది. సందు దొరికినచోటల్లా గాలి దూరింది. ఎవరూ పట్టించుకోలేదు. తగిన పాత్ర దొరికేదాకా తాత్కాలికమే కదా!

పెళ్ళి రోజున అందరూ గ్లాసులెత్తారు. పెళ్ళికొడుకు నాయనమ్మ ఒక గుక్క తాగి, "తడిసిన అట్టపెట్టె రుచి," అంది, హాలంతా వినబడేలా.

"అది బీరు రుచిలోని లోతండీ!" అన్నాడు ఆరిన్.

"లోతే బాబూ. అందుకే అట్టపెట్టె మునిగింది."

డ్వేన్ తానూ రుచి చూశాడు. ముఖం వాడిపోయింది. గ్లాసు పక్కకు నెట్టి, ఏడాదిలో మొదటిసారి కూతురి పక్కన వచ్చి కూర్చున్నాడు. బీరు పాడవడం కూడా వరమేనని అప్పుడు తోచింది మార్లిస్‌కి.

"ఇంతకీ కాపురం ఎక్కడ పెడుతున్నారమ్మా?" అనడిగాడు.

టెస్సా చేతిలో ఫోర్కు ఆగిపోయింది. "అలాస్కాలో, నాన్నా. ఎల్లుండే ప్రయాణం. ఎన్నిసార్లు చెప్పాను నీకు!"

డ్వేన్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మార్లిస్ కళ్ళు చెమర్చాయి.

"అంత చలిలోనా తల్లీ!" అన్నాడు చివరికి.

"చలి బాగానే ఉంటుంది నాన్నా."

ఆయన ముఖం మెల్లగా వెలిగింది.

"అయితే అక్కడ బీరు నిదానంగా ముదురుతుంది. మీ ఇంట్లో నేలమాళిగ ఉందా?"