పై ఒడ్డుకు కప్పు వేసిన పీచయ్య

ఒక పెద్ద అడవిని ఓ ఏరు రెండు ముక్కలు చేసింది. పై ఒడ్డున పళ్లచెట్లు, నీడ, నిండు కడుపులు. కింది ఒడ్డున తుమ్మచెట్లు, ఎండ, ఆకలి.

కింది ఒడ్డుకు ఉన్న పరిశ్రమ ఒక్కటే, గూళ్ల అల్లకం. ఎలుకలు గడ్డి కోసిచ్చేవాళ్లు. గిజిగాళ్లు గూళ్లు అల్లేవాళ్లు. పిచ్చుకలు, ఉడతలు గింజలిచ్చి తీసుకునేవాళ్లు. పీచయ్య అనే గిజిగాడు అల్లిన గూటి జోలికి రావాలంటే గాలివాన కూడా కాసేపు ఆలోచించేది. ఆ పనితోనే అతనూ, పెళ్లాం ఈనెమ్మా పిల్లల్ని సాకుతున్నారు.

పై ఒడ్డు పక్షులు ఏటా గూడు మార్చేవాళ్లు. పాత గూళ్లు కుప్పపడి కంపు కొట్టసాగాయి. అధ్యక్షుడు భద్రగజం సభ పెట్టాడు. ఆయన ఏనుగు. గూటితో అవసరం లేదు కనుక గూళ్ల మీద నిష్పక్షపాతంగా మాట్లాడేవాడు.

కార్యదర్శి కొంగయ్య లేచాడు. "అయ్యా, వీటిని కింది ఒడ్డుకు సాయంగా పంపిద్దాం. మన చెత్తా పోతుంది, వాళ్ల పేదరికమూ పోతుంది."

"రెండోది పోకపోతే?"

"మొదటిది మాత్రం గ్యారంటీ అయ్యా."

సభ చప్పట్లతో మారుమోగింది. ఒక చిలక భావోద్వేగంతో ఏడ్చింది కూడా.

పాత గూళ్లు తెప్పల మీద ఏరు దాటాయి. ఉచితంగా వచ్చిన గూడు వదిలేసి గింజలిచ్చి కొత్తది కొనేదెవరు? పీచయ్య కొమ్మ దగ్గరికి రావడం అందరూ మానేశారు. ఎలుకలకూ గడ్డి పని పోయింది. ఒడ్డంతా ఖాళీగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టింది.

"చిన్నది పొద్దుట్నించీ నోరు తెరిచే ఉంది. ఏం పెట్టను?" అంది ఈనెమ్మ.

పీచయ్య పురుగులేమైనా దొరుకుతాయేమోనని ఎగిరిపోయాడు.

కింది ఒడ్డున నిరుద్యోగం పెరిగిందని పై ఒడ్డుకు తెలిసింది. చాలా బాధపడ్డారు. బాధపడి, కమిటీ వేశారు. కొంగయ్యే స్వయంగా వచ్చి పీచయ్యను విచారించాడు.

"నిన్న ఏం చేశావు?"

"పురుగుల కోసం వెతికానండీ."

"దొరికాయా?"

"లేదండీ."

"దొరక్కపోతేనేం, వెతికావుగా! వెతకడం పనే. నువ్వు ఉద్యోగివి."

"మరి నా పిల్లలు?"

"నోరు తెరిచి ఎదురుచూస్తున్నారు కదా? వాళ్లు శిక్షణలో ఉన్నట్టు."

ఆ సాయంత్రానికల్లా కింది ఒడ్డున నిరుద్యోగం పూర్తిగా మాయమైంది. ఆకలి మాత్రం ఈ కబురు అందక అక్కడే ఉండిపోయింది.

చివరికి కింది ఒడ్డు పక్షులు పిల్లల్ని వెంటేసుకుని పని వెతుక్కుంటూ ఏరు దాటాయి. పై ఒడ్డు గుండె ఆగినంత పనైంది.

"మన చెట్లు! మన పళ్లు! మన సంస్కృతి!" అని చిలకలు అరిచాయి.

భద్రగజం ఏటి పొడవునా ముళ్లకంచె కట్టమన్నాడు. తీరా చూస్తే కంచె నిలిచేంత గట్టిగా అల్లడం వచ్చినవాడు పై ఒడ్డున ఒక్కడూ లేడు. ఏరు దాటి వచ్చిన గిజిగాళ్లనే పిలిచారు.

"మనం రాకుండా మనమే కంచె అల్లాలా? సిగ్గుగా లేదూ?" అన్నాడు పీచయ్య.

"పిల్లల కడుపు నిండాక ఇద్దరం కూర్చుని తీరిగ్గా సిగ్గుపడదాం. ముందు పీచు అందుకో," అంది ఈనెమ్మ.

కంచె లేచింది. కూలికి పళ్లిచ్చి వాళ్లను ఆవలి ఒడ్డుకు పంపేశారు. మర్నాడు ఒక పిచ్చుక దాని మీదుగా ఎగిరొచ్చి భద్రగజం ఎదుటే వాలింది. పక్షులు ఎగురుతాయన్న సంగతి అప్పుడు సభ దృష్టికి వచ్చింది.

"కప్పు కూడా వేయించండి!" అని ఘీంకరించాడు భద్రగజం.

పీచయ్య, అతనివాళ్లు మళ్లీ వచ్చి పై ఒడ్డంతటికీ నలువైపులా నేల తాకేలా కప్పు అల్లారు. పని దొరికిన ఆనందంలో చీమ దూరే సందు కూడా ఉంచలేదు. ఎలుకలు మోపులు మోపులుగా గడ్డి మోశారు. ఈనెమ్మ చిన్న కూతురు ఆ కూలిపళ్లు తిని మొదటిసారి రెక్కలు విదిల్చింది. తల్లి చాటుకు వెళ్లి కళ్లు తుడుచుకుంది.

కప్పు కింద పై ఒడ్డువాళ్లు కొన్నాళ్లు భద్రంగా ఉన్నారు. కానీ లోపలికి ఎండ రాలేదు. తేనెటీగలు రాలేదు. పూత రాలింది, కాయ నిలవలేదు. కంచెను తోసి చూసిన భద్రగజానికి తొండం నిండా ముళ్లు దిగాయి. కొంగయ్య కప్పు కింద నుంచే కేకలు వేసి పీచయ్యను పిలిచాడు.

"ఒరేయ్, ఇది విప్పరా! నీకు పని ఇస్తాం!"

"విప్పుతామండీ. కానీ కూలితో పాటు ఇంకోటి కావాలి."

"ఏం కావాలో చెప్పు నాయనా," అన్నాడు భద్రగజం. ఆయన గొంతు అంత మెత్తగా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

"మాకు సాయం చేయడం మానేయండి."

భద్రగజం నిజంగానే కంగారుపడ్డాడు. "మానేస్తే మీరేమైపోతారయ్యా?"

"బతికిపోతామండీ," అంటూ పీచయ్య మొదటి ముడి విప్పాడు.

నీతి: పేదవాడికి పని దొరకాలంటే, ఉన్నవాడు ముందు తన మీద తానే మూత పెట్టించుకోవాలి.